‘చేంజ్’ పక్కన ఏది రావాలి?

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక్క మాటే తీసుకుందాం: చేంజ్. దీని అర్థం తెలియనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. చిక్కంతా దాని చుట్టుపక్కల ఉంది. ముందు ‘ఎ’ పెట్టాలా వద్దా, వెనక ‘ఇన్’ రావాలా, ‘ఆఫ్’ రావాలా, ‘టు’ రావాలా, ఏ క్రియతో జత కట్టాలి అన్న దగ్గరే తప్పులు దొర్లుతాయి. తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లో రాసేవాళ్లం కాబట్టి, ‘లో’ తగిలిన ప్రతిచోటా మన చేయి ‘ఇన్’ రాసేస్తుంది. చాలాచోట్ల అది సరిపోతుంది కూడా. అందుకే సరిపోని చోట తప్పు కంటికి ఆనదు.

ముందుగా ‘ఆఫ్’, ‘ఇన్’ సంగతి. దీనికి మన భాషలోనే ఒక కొలబద్ద ఉంది. ‘చిరునామా మార్పు’, ‘చిరునామాలో మార్పు’ అని పలికి చూడండి. మొదటిది వింటే ఇల్లు మారారని అర్థమవుతుంది. పాత చిరునామా పోయి కొత్తది వచ్చింది. రెండోది వింటే ఇల్లు అదే, వీధి పేరో ఇంటి నంబరో సరిదిద్దారని అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లోనూ ఇదే తేడా నడుస్తుంది. ఒకటి పోయి దాని స్థానంలో మరొకటి వస్తే ‘ఆఫ్’: ‘ఎ చేంజ్ ఆఫ్ అడ్రస్’, ‘ఎ చేంజ్ ఆఫ్ నేమ్’, ‘ఎ చేంజ్ ఆఫ్ జాబ్’. వస్తువు అదే ఉండి అందులో ఏదో తేడా వస్తే ‘ఇన్’: ‘ఎ చేంజ్ ఇన్ ద వెదర్’, ‘ఎ చేంజ్ ఇన్ హిజ్ బిహేవియర్’. ‘ఎ చేంజ్ ఆఫ్ గవర్నమెంట్’ అంటే పాత ప్రభుత్వం దిగిపోయింది. ‘చేంజెస్ ఇన్ ద గవర్నమెంట్’ అంటే ప్రభుత్వం అలాగే ఉంది, మంత్రులో శాఖలో మారాయి. వార్త రాసేవాళ్లు ఇక్కడ తడబడితే వార్తే మారిపోతుంది.

ఒక చిన్న గుర్తు కూడా చూడండి. ఈ ‘ఆఫ్’ తర్వాత వచ్చే మాటకు సాధారణంగా ‘ద’ ఉండదు. ‘ఎ చేంజ్ ఆఫ్ ది అడ్రస్’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఇన్’ తర్వాత మాత్రం ‘ద’, ‘హిజ్’, ‘అవర్’ లాంటివి హాయిగా వస్తాయి. సరిహద్దులో ఉన్న మాటలూ కొన్ని ఉన్నాయి. ‘చేంజ్ ఆఫ్ డైట్’, ‘చేంజ్ ఇన్ డైట్’ రెండూ వాడుకలో ఉన్నాయి, అక్కడ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఉష్ణోగ్రత, బరువు, ధర లాంటి కొలిచే విషయాలకైతే ‘ఇన్’ వాడితే ఎవరూ వేలెత్తి చూపరు.

ఇప్పుడు ఆఫీసు మెయిళ్లలో తరచూ కనిపించే వాక్యం: ‘ఐ డిడ్ సమ్ చేంజెస్ ఇన్ ద రిపోర్ట్.’ ఇందులో సరిచేయాల్సినవి 2. మొదటిది ‘డిడ్’. తెలుగులో పనైనా, వంటైనా, మార్పులైనా అన్నిటికీ ‘చేయడం’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో ‘చేంజ్’ అనే నామవాచకం ‘మేక్’తోనే వెళ్తుంది. రెండోది ‘ఇన్’. రిపోర్టు, ఒప్పందం, డిజైన్, షెడ్యూల్ లాంటివాటిని ఎవరో కావాలని దిద్దినప్పుడు ‘టు’ రావడం బాగుంటుంది: ‘ఐ మేడ్ సమ్ చేంజెస్ టు ద రిపోర్ట్.’ ‘ఇన్’ రాస్తే వ్యాకరణం కూలిపోదు గానీ, దిద్దిన మనిషి చేయి ‘టు’లో స్పష్టంగా కనిపిస్తుంది. చట్టం విషయంలో ‘చేంజెస్ ఇన్ ద లా’, ‘చేంజెస్ టు ద లా’ రెండూ చెల్లుతాయి.

‘అతనిలో మార్పు వచ్చింది’ అన్నది మరో ఉచ్చు. దీన్ని మాటకు మాట దించితే ‘ఎ చేంజ్ హ్యాజ్ కమ్ ఇన్ హిమ్’ అవుతుంది. ఇంగ్లిష్ వాళ్లు అలా అనరు. ‘హి హ్యాజ్ చేంజ్డ్’ అంటే చాలు. చూసేవాళ్ల వైపు నుంచి చెప్పాలంటే ‘ఐ సీ ఎ చేంజ్ ఇన్ హిమ్’. దీనికి దగ్గరగా ‘ఎ చేంజ్ కేమ్ ఓవర్ హిమ్’ అని ఒకటుంది. అది ఒప్పే, కానీ అర్థం వేరు: మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా ఉన్నట్టుండి ముఖంలో రంగు మారడం, ధోరణి మారడం లాంటిది. నాలుగేళ్లలో బుద్ధిమంతుడైనవాడి గురించి ఇలా రాస్తే పొసగదు.

ఇక ‘ఎ’. లెక్కపెట్టగల మార్పుకు ‘ఎ చేంజ్’, ‘త్రీ చేంజెస్’. మార్పు అనే భావాన్ని మొత్తంగా చెప్పేటప్పుడు ముందు ఏమీ ఉండదు: ‘షి ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ చేంజ్’, ‘రెసిస్టెన్స్ టు చేంజ్’. ‘క్లైమేట్ చేంజ్’ కూడా ఈ కోవలోదే, దాని ముందు ‘ఎ’ తగిలించకూడదు. అనుమానం వస్తే ‘ఏ మార్పు?’ అని అడగండి. ఫలానా మార్పు అని చూపించగలిగితే ‘ఎ’ గానీ ‘ద’ గానీ కావాలి. ‘అసలు మార్పు అన్నదే’ అని జవాబు వస్తే అక్కర్లేదు. ఈ బుల్లి ‘ఎ’ ఎంత పని చేస్తుందో చూడండి. ‘వియ్ షుడ్ వర్క్ ఫర్ చేంజ్’ అంటే మార్పు కోసం పాటుపడదాం అని. ‘వియ్ షుడ్ వర్క్ ఫర్ ఎ చేంజ్’ అంటే, ఎప్పుడూ ఖాళీగానే కూర్చుంటున్నాం, ఈసారైనా కాస్త పని చేద్దాం అన్నట్టు వినిపిస్తుంది! ‘ఫర్ ఎ చేంజ్’ అనే పదబంధానికి అర్థమే ‘ఎప్పటిలా కాకుండా ఈసారి’ అని. బ్యానర్ మీద రాయించేముందు ఒకసారి సరిచూసుకోండి.

చిల్లర కూడా ‘చేంజ్’ అన్నది మీకు తెలిసిందే. చిల్లరకు బహువచనం లేదు, ‘ఎ’ కూడా లేదు. ‘డు యు హ్యావ్ ఎనీ చేంజ్?’ అనాలి. ‘ఎనీ చేంజెస్’ అని అడిగితే అవతలివాళ్లు ఏవో సవరణలనుకుంటారు. ‘ఎ చేంజ్ ఆఫ్ క్లోత్స్’ మాత్రం లెక్కకు వస్తుంది. మార్చుకోవడానికి తీసుకెళ్లే ఒక జత బట్టలు అది. రెండు జతలైతే ‘టూ చేంజెస్ ఆఫ్ క్లోత్స్’.

ఏకవచనం, బహువచనం దగ్గర జారేది రెండుచోట్ల. ‘వన్ ఆఫ్ ద చేంజ్’ కాదు, ‘వన్ ఆఫ్ ద చేంజెస్’. రెండోది, వాక్యంలో క్రియ దేన్ని అనుసరించాలన్నది. ‘ద చేంజ్ ఇన్ ద రూల్స్ హ్యాజ్ కన్ఫ్యూజ్డ్ ఎవ్రీవన్’ సరైనది. క్రియకు ఆనుకుని ‘రూల్స్’ ఉంది కదా అని ‘హ్యావ్’ రాసేస్తుంటారు. కర్త ‘చేంజ్’, అది ఒక్కటే. పలికేటప్పుడు బహువచనం చివర ‘ఎస్’ అని తేల్చేయకుండా ‘ఇజ్’ అని వినపడాలి.

విశేషణాలకు పెద్ద తంటా లేదు: బిగ్, మేజర్, స్లైట్, గ్రాడ్యువల్, సడన్, ఇవి నిశ్చింతగా వాడొచ్చు. ‘హై చేంజ్’, ‘హెవీ చేంజ్’ మాత్రం వద్దు. మంచికే జరిగిన మార్పును ‘ఎ చేంజ్ ఫర్ ద బెటర్’ అంటారు.

చివరగా, ఈ మాటను వదిలేయాల్సిన చోటు. ‘దేర్ ఈజ్ ఎ చేంజ్ ఇన్ ద టైమింగ్స్ ఆఫ్ ద మీటింగ్’ అని నోటీసు పెడతారు. తప్పు వెతికితే పెద్దగా దొరకదు. కానీ చదివినవాళ్లకు ఎన్ని గంటలకో తెలియదు, మళ్లీ ఫోన్ చేసి అడగాలి. ‘ద మీటింగ్ హ్యాజ్ బీన్ మూవ్డ్ ఫ్రమ్ 3 టు 4’ అని రాయండి. అలాగే ‘దేర్ వజ్ ఎ చేంజ్ ఇన్ హిజ్ డెసిషన్’ బదులు ‘హి చేంజ్డ్ హిజ్ మైండ్’ అనండి. మార్చింది ఎవరో, ఏది ఏమైందో తెలిసినప్పుడు నామవాచకం కన్నా క్రియ సూటిగా పనిచేస్తుంది.