జబ్బు తగ్గింది, మనిషి కోలుకున్నాడా? – మానసిక వైద్యురాలితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. తిరుపతి స్టూడియోలో ఈరోజు మనతో ఒక సీనియర్ మానసిక వైద్యురాలు ఉన్నారు. కోర్టులు చికిత్సకు పంపిన రోగులను కూడా చాలా ఏళ్లుగా చూస్తున్నారు. మొదటి ఫోన్ పలమనేరు వైపు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడం. మా తమ్ముడి గురించి. నాలుగేండ్ల కిందట వాడికి మతి సరిగా లేనప్పుడు పక్కింటాయన్ని కొడవలితో నరికినాడు. ఆయన తనకి విషం పెడతా ఉండాడని అనుకున్నాడంట. ఆయన బతికినాడు గానీ చెయ్యి పనికిరాకుండా పోయింది. మతిస్థిమితం లేనప్పుడు చేసినాడని కోర్టు తేల్చి, ఆసుపత్రిలో పెట్టించింది. మేము పూచీకత్తు రాసిచ్చి ఇంటికి తెచ్చుకుని రెండు నెలలాయ. కనబడినోళ్లంతా ఒకటే అడుగుతారు, "నయమైపోయిందా?" అని. నేనేం చెప్పేది? కాగితంలో ఏదో రెమిషన్ అని రాసుండారు.

డాక్టర్: ముందు ఒక మాటమ్మా. తోబుట్టువులు కూడా తలుపు వేసుకునే చోట మీరు పూచీ పడి తెచ్చుకున్నారు. అది చిన్న పని కాదు. ఇక ఆ కాగితం సంగతి. నాన్సీ ఆండ్రియాసెన్‌తో పాటు కొందరు నిపుణులు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు 2005లో ఒక కొలత పెట్టారు. లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు, పొంతన లేని మాటలు, ఎవరితో కలవకుండా ముడుచుకుపోవడం లాంటివి ఉన్నా లేనట్టే అనేంతగా తగ్గాలి, 6 నెలలు అట్లే నిలవాలి. రెమిషన్ అంటే అంతే. మనిషి పనికి పోతున్నాడా, నలుగురితో కూర్చుని అన్నం తింటున్నాడా అనేది ఆ కొలతలో లేదు.

మీరు వేరుశెనగ వేసేవాళ్లేనా?

శ్రోత: అవును మేడం, రెండెకరాలు.

డాక్టర్: మందు కొడితే పురుగు చచ్చింది అంటారు. అప్పుడే పైరు కోలుకుంది అంటారా? కొత్త చిగురు వేస్తే అంటారు. మీ తమ్ముడికి పురుగు చచ్చింది, చిగురింకా రావాలి. కోర్టు అడిగేది వేరు: వీడి వల్ల మళ్లీ ఎవరికైనా ప్రమాదం ఉందా? మీ చేత పూచీ రాయించుకున్నది అందుకే. ఇక మీ తమ్ముడి లోపల నడిచే ప్రశ్న ఇంకొకటి ఉంటుంది, ఇప్పుడు నేనెవర్ని అని. ఇన్నిటికీ కలిపి ఒక్క కాగితంలో జవాబు దొరకదు.

శ్రోత: వాడు ఆ పొద్దు జరిగింది మాట్లాడడు మేడం. మేమూ ఎత్తం. గుర్తు చేస్తే మళ్లీ ఏమైపోతుందో అని భయం.

డాక్టర్: ఇది చాలా ముఖ్యం, కాసేపు దీని మీదే ఉంటాను. కాలు విరిగినవాడికి ఎముక అతికితే చాలు. జబ్బులో ఉండి ఒకరికి హాని చేసినవాడికి ఇంకో పని మిగిలి ఉంటుంది. ఇంగ్లండ్‌లో కాపలా మధ్య నడిచే మానసిక ఆసుపత్రుల అనుభవం మీద జెరార్డ్ డ్రెన్నన్, డెబోరా ఆల్‌రెడ్ 2012లో దాన్ని విడిగా పేరు పెట్టి చెప్పారు. చేసిన పని తనదేనని ఒప్పుకుని, దానితో బతకడం నేర్చుకోవడం కూడా కోలుకోవడంలో భాగమే. "నేను కాదు, జబ్బు చేసింది" అని పూర్తిగా వదిలేస్తే, ఆ జబ్బును కనిపెట్టుకుని ఉండే పని కూడా వదిలేస్తాడు. "నేనే పాపిష్టివాణ్ణి" అనుకుంటే బతుకు మీదే విరక్తి పుడుతుంది. భ్రమలు తగ్గి, చేసింది తెలిసివచ్చే రోజుల్లోనే ఆ ఆలోచన వస్తుంది. అందుకే వాకిట్లో పదిమందిలో ఎత్తొద్దు, డాక్టరు ముందర మాట్లాడించండి. చచ్చిపోతానని ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రోజే తీసుకురండి.

అది జరగక ముందు వారం వాడెట్ల ఉన్నాడు, గుర్తుందా?

శ్రోత: నిద్రే పోలేదు మేడం. మా అమ్మ వండింది ముట్టుకోలేదు. తనే వేరే గిన్నెలో వండుకున్నాడు.

డాక్టర్: అదే గుర్తు! నిద్ర పోయింది, ఇంటి అన్నం మీద అనుమానం వచ్చింది. ఈ రెండూ మళ్లీ కనబడితే రేపు చూద్దామనకుండా తీసుకురావాలి. అట్లాంటప్పుడు తనకు ఏ చికిత్స కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో, బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 అతనికి ఇచ్చింది. ఇప్పుడు బాగున్నాడు కాబట్టి అతని చేతే రాయించండి. ఊళ్లో అడిగితే "మందు వేసుకుంటున్నాడు, చూపించుకుంటున్నాం, బాగుండాడు" అనండి. నయమైపోయింది అనొద్దు. ఆ మాట విని వాడే మాత్రలు మానేస్తాడు.

వ్యాఖ్యాత: చిత్తూరు నుంచి తర్వాతి శ్రోత.

శ్రోత: నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేస్తాను మేడం. నాది పోలీసు కేసు కాదు. గొంతులు వినపడేవి, ఇప్పుడు లేవు. అందరూ కోలుకున్నావంటారు. నాకేమో పొద్దంతా మబ్బుగా ఉంటుంది. పాట విన్నా ఏమీ అనిపించదు.

డాక్టర్: మీకు అనిపించిందే నిజం నాయనా. మానసిక రోగుల పునరావాసం మీద పనిచేసిన విలియం ఆంథనీ 1993లో ఈ మాటే రాశారు: జబ్బు తెచ్చిన ఇబ్బందులు కొన్ని మిగిలినా ఆశతో, తృప్తితో, పదిమందికి పనికొస్తూ బతకగలగడమే కోలుకోవడం. దాన్ని చెప్పాల్సింది మీరే. పరిశోధనల్లో కూడా కొలబద్ద మారితే లెక్క మారిపోతుంది. అమెరికాలో వెర్మాంట్ ఆసుపత్రి నుంచి ఇళ్లకు పోయినవాళ్లను మూడు దశాబ్దాల తర్వాత వెతికి చూసి, సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగుపడ్డారనో కోలుకున్నారనో 1987లో రాశారు. లక్షణాలు తగ్గాలి, నలుగురిలో బతుకూ నిలబడాలి, అందులో ఏదో ఒకటైనా రెండేళ్లు నిలవాలి అని గట్టిగా గీత గీసి 2013లో 50 పరిశోధనలు కలిపి చూస్తే 13.5 శాతమే వచ్చింది. జబ్బు అదే, అడిగిన ప్రశ్న వేరు. ఎవరైనా మీకు ఒక శాతం చెప్పి భయపెడితే ఏ కొలబద్దో అడగండి.

మీ మబ్బు మందు వల్ల కావచ్చు, దిగులు వల్లా కావచ్చు. మోతాదు, వేసుకునే వేళ మార్చే వీలుంటుంది. అంతా బాగుందని తలూపి రావద్దు, ఇప్పుడు నాకు చెప్పినట్టే మీ డాక్టరుకూ చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

వ్యాఖ్యాత: తిరుపతిలో లా చదివే విద్యార్థి. త్వరగా అడగండి.

శ్రోత: ఇప్పుడు బాగున్నవాణ్ణి కోర్టు ఎందుకు వదిలేయాలి మేడం?

డాక్టర్: చట్టం చూసేది ఇప్పటి మనసును కాదు, ఆ పని చేసిన క్షణంలో ఉన్న మనసును. పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 84, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22. తాను చేసేదేమిటో, అది తప్పని, అప్పుడు తెలుసుకోగలిగాడా లేదా. విచారణను తట్టుకునే స్థితిలో ఉన్నాడా అన్నప్పుడు మాత్రం ఈరోజు మనసు చూస్తారు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, శ్రీకాళహస్తి వైపు నుంచి.

శ్రోత: నేను అవతలి పక్క నుంచి మాట్లాడతా ఉండా మేడం. ఇట్లాంటి పిల్లోడే మా ఆయన్ని కొట్టినాడు. నడుము పోయింది, మంచంలోనే ఉండాడు. కేసు కొట్టేసినారు. వాడు కోలుకున్నాడంటారు. మమ్మల్ని అడిగినోళ్లు లేరు.

డాక్టర్: ... అమ్మా, ఇంతసేపు నేనూ అడగలేదు. మీరు చెప్పింది న్యాయం. ఒకటి తెలుసుకోండి. అట్లాంటి కేసు కొట్టేసినప్పుడు కూడా, ఆ పని అతను చేశాడా లేదా అన్నది తీర్పులో రాయాలని చట్టం చెబుతుంది. మీ ఆయనకు జరిగింది జరగలేదని కోర్టు అనలేదు. నిందితుడు విడుదలైనా బాధితులకు పరిహారం అడిగే దారి కూడా ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, ఫోన్ అయితే 15100. మీకు నిద్ర పడుతోందా?

శ్రోత: తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేస్తాను. మేడం, ఆ పిల్లోడు వచ్చి కాళ్లు పట్టుకుంటాడని వాళ్లమ్మ కబురు పెట్టింది. నేను వినాల్నా?

డాక్టర్: వినాల్సిన పని లేదు. అడగాలన్న తపన అతనిది, మంచిదే. అతను కోలుకోవడానికి మీరు మందు కానక్కర్లేదు. ఇప్పుడొద్దు అని చెప్పి పంపండి, ఎప్పటికీ వద్దన్నా తప్పు లేదు. ఆ ఉలికిపాటుకు మాత్రం చికిత్స ఉంది. ఆసుపత్రికి రాలేకపోతే 14416కి చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, డబ్బులు పడవు.

శ్రోత: సరే మేడం. ఆ పరిహారం నంబరు ఇంకోసారి చెప్పండి, రాసుకుంటాను.

వ్యాఖ్యాత: ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. రాసుకున్నారామ్మా?

శ్రోత: రాసుకున్నా.