రసీదు ఉన్న పార్టీ కావాలి

వేదిక మీదున్న పెద్దలకు, మన అభ్యర్థికి, ఇంత ఎండలో పని మానుకుని వచ్చిన బూత్ కమిటీల అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మీరు ఎదురుచూస్తున్న మాట ముందే చెప్పేస్తాను. రేపు మధ్యాహ్నం 3 గంటలకు ఉపసంహరణ గడువు ముగుస్తుంది. పొద్దున్నే రిటర్నింగ్ అధికారి ఆఫీసుకు వెళ్లి నా నామినేషన్ వెనక్కి తీసుకుంటున్నాను. పార్టీ టికెట్ కాగితం, అదే బి-ఫారం, ఎవరి చేతికి వచ్చిందో ఆయనే మన అభ్యర్థి. ఎల్లుండి నుంచి ఆయన పక్కన నడిచి ఓటు అడుగుతాను.

చప్పట్లు కాసేపు ఆపండి. ఈ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది. ఇరవై రెండేళ్లు ఈ జెండా మోశాను. జాబితాలో నా పేరు లేదన్న సంగతి టీవీలో స్క్రోలింగ్ చూసి తెలుసుకున్నాను. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ రాత్రి మా ఇంటి వరండాలో కూర్చుని నాతో పాటు ఏడ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. ఇండిపెండెంట్‌గా వేయక్కా, మేం చూసుకుంటాం అన్నారు. మీ మాట కాదనలేక వేశాను.

మరి ఎందుకు తగ్గుతున్నానంటే, మన దగ్గర గెలవడానికి సగం ఓట్లు అక్కర్లేదు. పక్కవాడి కన్నా ఒక్క ఓటు ఎక్కువుంటే చాలు. 2008లో రాజస్థాన్‌లో నాథ్‌ద్వారాలో సి.పి.జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. అప్పుడాయన రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు, పార్టీ గెలిస్తే ముఖ్యమంత్రి అవుతారని అనుకున్నవాళ్లలో ఒకరు. పార్టీ అధికారంలోకి వచ్చింది, ఆయన మాత్రం అసెంబ్లీలో అడుగు పెట్టలేకపోయారు. ఇక్కడ నేను నిలబడితే చీలేది ఒక్క ఓటు కాదు, వేలల్లో చీలుతుంది. ఆ లెక్క మీకూ తెలుసు. నా కోపం తీరడం కోసం మీ ఐదేళ్లు అవతలివాళ్ల చేతిలో పెట్టలేను.

కానీ నా కోపం ఎందుకో చెప్పకుండా ఐక్యత అంటే అది పైపూత అవుతుంది. రేపు ప్రచారంలో మొదటి వానకే కారిపోతుంది.

నాకు టికెట్ రాలేదని కోపం లేదు. టికెట్ ఎలా నిర్ణయమైందన్నదే నా బాధ. ఇంటర్వ్యూకి పిలిచారు. లోపలికి వెళ్లి కూర్చున్నాక అడిగిన మొదటి ప్రశ్న, ఎంత పెట్టగలరమ్మా అని. నా బూత్‌లు ఎన్ని, ఏ ఊళ్లో మనం ఎందుకు వెనకబడ్డాం, వీటి గురించి రాసుకుని తీసుకెళ్లిన నోటు పుస్తకం నా ఒళ్లోనే ఉండిపోయింది. దాన్ని తెరవమని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న అడిగిన పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. ఆయన్ని ఆ ప్రశ్న అడిగేలా చేసింది మన ఎన్నికల ఖర్చు. అసెంబ్లీ అభ్యర్థి మనలాంటి పెద్ద రాష్ట్రంలో పెట్టాల్సిన ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది. పరిశీలకులు టెంట్లు, కుర్చీలు, జెండాలు లెక్కపెట్టి ఖాతాలో రాస్తారు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం చట్టంలో పరిమితే లేదు. ఒకప్పుడు దీనికి అడ్డుకట్ట పడబోయింది. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ పెట్టినదీ అతని లెక్కలోకే వస్తుందని చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చి ఆ తీర్పును పక్కన పెట్టేశారు. పైన హద్దు లేనప్పుడు పార్టీకి డబ్బు కావాలి. ఆ డబ్బు కార్యకర్త దగ్గర ఉండదు. ఉన్నవాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. అక్కడ నిలబడిన పార్టీ రేపు ప్రభుత్వంలోకి వెళ్లాక తలెత్తి మాట్లాడగలదా?

ఈ ప్రమాదాన్ని పెద్దలు ఎప్పుడో చూశారు. 1957లో ఒక పెద్ద ఉక్కు కంపెనీ, పార్టీలకు చందాలివ్వడానికి తన నియమావళి మార్చుకుంటానని బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లా, చట్టం ఒప్పుకుంటోంది కాబట్టి అనుమతించక తప్పలేదు గానీ, ఇది పెరిగి పెరిగి ప్రజాస్వామ్యం గొంతు నొక్కగలదని అదే తీర్పులో హెచ్చరించారు. 1969లో కంపెనీల చందాలు నిషేధించారు. అప్పుడు డబ్బు చీకట్లోకి వెళ్లింది. 1985లో మళ్లీ అనుమతించారు. తర్వాత కంపెనీ తన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదన్న హద్దు ఉండేది. 2017లో అదీ తీసేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చన్నమాట. లాభమే లేని కంపెనీ కోట్లు ఎక్కడినుంచి తెస్తుందో, ఏం ఆశించి తెస్తుందో మనం విడమరిచి చెప్పుకోనక్కర్లేదు.

2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి, అంటే పార్టీకి చందా ఇవ్వడానికి స్టేట్ బ్యాంకులో కొనే పత్రాలు. వెయ్యి రూపాయల బాండు కూడా ఉంది, సామాన్యుడూ కొనొచ్చన్నారు. అమ్ముడైన వాటిని విలువలో చూస్తే 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. మొత్తం 16 వేల కోట్లు దాటింది. ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేసింది. పార్టీకి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటరు హక్కని చెప్పింది. కంపెనీలకు హద్దు తీసేసిన సవరణనూ రద్దు చేసింది. ఆ తర్వాత స్టేట్ బ్యాంకు ఇచ్చిన జాబితాలు బయటకొచ్చాయి. దర్యాప్తు సంస్థల దాడులు జరిగాక బాండ్లు కొన్న కంపెనీల పేర్లు మనందరం పేపర్లలో చదివాం.

అవతలి పార్టీని తిట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. మన పార్టీ ఖాతాలోనూ ఆ బాండ్లు పడ్డాయి. ఈ మాట వేదిక మీద అనొద్దని నాకు పొద్దున ఇద్దరు చెప్పారు. అనకపోతే మన క్యాడర్‌కి తెలియదా? ఓటరుకు తెలియదా? మనం అవతలివాళ్లను వేలెత్తి చూపినప్పుడల్లా ఊళ్లో జనం మౌనంగా నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు గుండెల్లో గుచ్చుకుంటోంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

మనం అధికారంలో ఉన్న రోజుల్లో ఇక్కడ ఒక ఫ్యాక్టరీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. నిబంధన ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చారు, షామియానా వేశారు, కలెక్టర్ తరఫున అధికారి వచ్చారు. ముందు వరసల కుర్చీల్లో బస్సుల్లో వచ్చినవాళ్లు కూర్చున్నారు. మా ఊళ్లవాళ్లు వెనక తాడు అవతల నిలబడ్డారు. పర్యావరణ నివేదిక మొత్తం ఇంగ్లీషులో, బల్ల మీద ఇటుకంత మందాన ఉంది. తెలుగులో ఇచ్చింది సారాంశం మాత్రమే, పల్చటి పుస్తకం. ఒక పెద్దావిడ మైకు దగ్గరికి వచ్చింది. చదువు రాదు. ఆ ఇటుక లాంటి పుస్తకం వైపు చూసి ఒకే ఒక్క మాట అడిగింది. "మా బోరు ఎన్నో పేజీలో ఉంది బాబూ?"

అధికారి పేజీలు తిప్పారు. కంపెనీ మనిషి వచ్చి ఆయనా తిప్పారు. ఎవరికీ దొరకలేదు. ఆవిడ అలాగే నిలబడింది. నేను మూడో వరసలో ఉన్నాను. లేచి, ఆ పేజీ చూపించేదాకా ఈ సభ ఆపండి అని అనాలి. అనలేదు. ముందురోజు రాత్రే ఫోన్ వచ్చింది నాకు. పార్టీ నిర్ణయం అయిపోయింది, ఎవరూ మాట్లాడొద్దు, ఐక్యంగా ఉండాలి అని. ఐక్యత అన్న మాట విని నోరు మూసుకున్నాను. ఫ్యాక్టరీ పెరిగింది. ఆవిడ బోరు నీళ్లు ఇప్పుడు పశువులు కూడా ముట్టడం లేదు. మొన్నటి ఎన్నికల్లో మనం ఓడిపోయింది సరిగ్గా ఆ ఊళ్ల బూత్‌ల దగ్గరే. అక్కడ మన ఏజెంట్లుగా కూర్చోవడానికి పిల్లలు కూడా ముందుకు రాలేదు.

అందుకే చెబుతున్నాను, నోరు మూయించే ఐక్యత మనకు అచ్చిరాలేదు. 1957 డిసెంబరులో లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ లేచారు. అధికార పార్టీ ఎంపీ. ప్రధాని నెహ్రూకి స్వయానా అల్లుడు. కొత్తగా ఏర్పడిన ఎల్‌ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లను కోటీ పాతిక లక్షల దాకా పెట్టి ఎందుకు కొన్నదని సొంత ప్రభుత్వాన్ని నిలదీశారు. అది పాలసీదారుల డబ్బు. విచారణ జరిపింది ఎవరో తెలుసా? ఇందాక చెప్పిన ఆ చాగ్లాగారే. అందరూ చూస్తుండగా బహిరంగంగా జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. మరి పార్టీ చీలిపోయిందా? 1962లో అదే పార్టీ 361 లోక్‌సభ స్థానాలు గెలిచింది. లోపల ప్రశ్నించేవాడు ఉన్నాడని జనానికి కనబడితే ఆ పార్టీ మీద నమ్మకం ఉంటుంది. నేను దీన్ని గట్టిగా నమ్ముతున్నాను.

తమ్ముడూ, మన అభ్యర్థిగారూ, ఇప్పుడు మీతో. మీరు పార్టీలోకి వచ్చి రెండేళ్లే అయినా మీ అఫిడవిట్ మొత్తం చదివాను. మీ కుటుంబ కంపెనీకి ప్రభుత్వ పనులున్నాయని దాచకుండా రాశారు, సంతోషం. ఎమ్మెల్యే తన పేరు మీద రాష్ట్ర ప్రభుత్వ కాంట్రాక్టు ఉంచుకుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ కింద అనర్హుడవుతాడు. అన్నదమ్ముల పేరు మీద ఉంటే చట్టం అడ్డుపడదు. చట్టం అడగనిది మేం అడుగుతున్నాం. గెలిస్తే ఈ నియోజకవర్గంలో మీ కుటుంబ కంపెనీ ఒక్క టెండరూ వేయకూడదు. ఈ మాట ఇక్కడే, ఈ మైకులోనే చెప్పండి. రాసి సంతకం పెట్టిన కాగితం పార్టీ ఆఫీసు గోడకు అతికిద్దాం.

ఇంకొకటి. ఏ కంపెనీ ఇక్కడికి వచ్చినా, ప్రజాభిప్రాయ సేకరణకు ముందే నివేదిక మొత్తం తెలుగులో చేయించి గ్రామసభలో చదివించాలి. ఆ ఖర్చు ఎమ్మెల్యే తన జీతంలోంచి పెట్టినా సరే. కంపెనీలు వద్దని నేననడం లేదు. మా పిల్లలకీ ఉద్యోగాలు కావాలి. ఆ పెద్దావిడ బోరు ఎన్నో పేజీలో ఉందో చెప్పగలిగిన కంపెనీ రానీండి, నేనే ఎదురెళ్లి దండ వేస్తాను.

ఇక మనలో మనకు. ఈ హాల్లో ఎడమవైపు ఒక వర్గం, కుడివైపు ఒక వర్గం కూర్చున్నారు. నాకు కనబడుతోంది. వాట్సాప్ గ్రూపుల్లో పన్నెండు రోజులుగా ఆడవాళ్లను కూడా వదలకుండా తిట్టుకున్నారు. అది ఈ పూటతో ఆగాలి. నా పేరు చెప్పి ఎవరైనా ఆయన ఫ్లెక్సీ చించితే వాళ్లు నా మనుషులు కారు. అలాగే తమ్ముడి వెంట తిరిగే కుర్రాళ్లు, పాత కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు కారు దిగి, గుమ్మంలో నిలబడి పిలవండి. కారులో కూర్చుని హారన్ కొట్టకండి. ఇలాంటి చిన్న చిన్న అవమానాలే చాలామందిని దూరం చేశాయి. డబ్బున్నవాళ్లు వచ్చాక ఈ పార్టీలో పలకరింపు పోయింది.

ఇంత డబ్బు ప్రవాహం మధ్య మనం ఏం చేయగలం అనిపిస్తుంది. బూత్ దగ్గర చాలా చేయగలం. పోలింగ్ మొదలయ్యే గంటన్నర ముందు మాక్ పోల్ పెడతారు. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, మెషీన్ క్లియర్ చేసి సీలు వేస్తారు. ఆ సమయానికి మన ఏజెంటు కుర్చీలో ఉండాలి. సాయంత్రం పోలింగ్ అయ్యాక, ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే 17సి ఫారం కాపీ చేతికి తీసుకోకుండా లేవకూడదు. ఈ పని డబ్బుకి దొరకదు. రోజు కూలికి తెచ్చిన ఏజెంటు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి తిరిగి రాడు. మీరైతే కదలరు. నేను ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను కదా.

ఇక చందా. పార్టీలు 20 వేల రూపాయలు దాటిన విరాళాల వివరాలే ఎన్నికల సంఘానికి చెప్పాలన్నది చట్టం. మనం పది రూపాయలకీ రసీదు ఇద్దాం. నేను సొంతంగా వంద రసీదు పుస్తకాలు అచ్చు వేయించాను, నంబర్లతో. వెనక బల్ల మీద ఉన్నాయి. బూత్‌కి ఒకటి తీసుకెళ్లండి. ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు అన్నది ప్రతి ఆదివారం ఆఫీసు బోర్డు మీద రాస్తాం. కంపెనీ ఇచ్చినా అదే బోర్డు మీద, అదే సైజు అక్షరాల్లో రాస్తాం. తమ్ముడూ, మీకొచ్చిన విరాళాలు కూడా.

మొదటి రసీదు నిన్న సాయంత్రమే రాశాను. ఆ బోరు పెద్దావిడ ఇంటికి వెళ్లాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నువ్వు మూడో వరసలో ఉన్నావు కదమ్మా అంది. ఉన్నానన్నాను. క్షమించమని అడిగాను. ఓటు వేస్తానని చెప్పలేదు. లోపలికి వెళ్లి ఇరవై రూపాయలు తెచ్చి ఇచ్చింది. రసీదు చింపి ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన పేరు ఎక్కడ రాశానో వేలు పెట్టి చూపించమంది. చూపించాను.

రెండో నంబరు రసీదు ఇంకా ఖాళీగా ఉంది. తమ్ముడూ, ఇక మైకు మీది. టెండర్ల సంగతి ముందు చెప్పండి, తర్వాత ఆ రసీదు మీ పేరున రాస్తాను.