ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్న సినిమా: ‘హీరోస్ రైజింగ్’ రివ్యూ

నమస్కారం. హిమాయత్‌నగర్‌లో యానిమే (జపాన్ యానిమేషన్) బొమ్మలు, పోస్టర్లు అమ్మే ఒక దుకాణం వారు ‘మై హీరో అకాడెమియా: హీరోస్ రైజింగ్’ బ్లూరేను నాకు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో సూచించనూ లేదు. 2019 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ఈ 104 నిమిషాల చిత్రం కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కనుక దాని జోలికి ఎక్కువగా వెళ్లను.

నబు దీవిని ఇన్నాళ్లూ కాపాడిన వృద్ధ హీరో విశ్రాంతి తీసుకోవడంతో, హీరోలకు శిక్షణనిచ్చే బడిలోని 1-ఎ తరగతి విద్యార్థులు ఇరవై మంది ఆ బాధ్యతను తాత్కాలికంగా చేపడతారు. ఊరివాళ్లు చిన్నాచితకా పనులకు ఫోన్ చేయడం, వీళ్లు పరుగెత్తుకు వెళ్లడం, వాళ్లలో ఒకడైన బకుగో మాత్రం ఇవి తన స్థాయి పనులు కావన్నట్లు ఆఫీసులోనే కూర్చోవడం నాకు ఎంతో నచ్చాయి. 2018లో వచ్చిన మొదటి చిత్రం కూడా దీవి మీదే నడిచింది కానీ, అక్కడ కాపాడవలసిన మనుషులెవరో నా మనసులో నిలవలేదు. ఇక్కడ మహోరో, కట్సుమా అనే అక్కాతమ్ముళ్లు నిలిచిపోయారు. విలన్ నైన్ సంగతి క్లుప్తంగా చెప్తాను: వాతావరణాన్ని శాసించే తన శక్తి వల్లే శరీరం క్షీణిస్తున్నవాడు, కణాలను ఉత్తేజపరిచే కట్సుమా శక్తి కోసం వస్తాడు. కారణం గట్టిదే, మనిషి మాత్రం పలుచన.

ఇక చివరి పోరాటం. మొదటి చిత్రాన్ని మెట్రోలో మియాపూర్ వెళ్తూ ఫోన్‌లో చూసి తప్పు చేశాను కనుక, దీన్ని మలక్‌పేటలోని మా ఇంట్లో పెద్ద స్పీకర్లతో చూశాను. రాత్రి పదకొండింటికి కింది వాటా బాబాయిగారు తలుపు తడతారని ఎదురుచూస్తుండగా, దెబ్బల చప్పుళ్లు దాదాపు అణగిపోయి, యూకీ హయాషి సంగీతంలో ఒక ఆంగ్ల గీతం తెరంతా ఆక్రమించింది. గుద్దులాట మధ్యలో గుద్దుల శబ్దాన్నే తగ్గించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆ ఘట్టాన్ని ఆ రాత్రే మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, బాబాయిగారు రాలేదు.

ముగింపు తెలుసుకోకూడదనుకునేవారు ఇక్కడే ఆపేయండి. గురువు ఆల్‌మైట్ నుంచి తనకు దక్కిన శక్తిని, ఇక తనకు మిగలదని తెలిసే, కథానాయకుడు డెకు బకుగో చేతికి అప్పగిస్తాడు. మూల రచయిత కోహెయ్ హొరికోషి మొత్తం కథకే ముగింపుగా ఒకప్పుడు అనుకున్న ఆలోచన ఇది. అంతటి త్యాగం జరిగిన కాసేపటికే శక్తి డెకులోనే మిగిలిందని తేలుతుంది, బకుగోకు జరిగినదేదీ గుర్తుండదు. పత్రికలో మూల మాంగా (జపాన్ కామిక్స్) 2024 వరకు సాగింది కనుక ఒక సినిమా ఆ కథను మార్చలేదని నాకు తెలుసు. అయినా మార్చలేనప్పుడు అంత పెద్ద వరం ఇవ్వడమెందుకు? కనీసం బకుగోకైనా ఆ జ్ఞాపకాన్ని మిగల్చవలసింది. ఆ ఒక్క గుర్తూ ఉంటే వాళ్లిద్దరి స్నేహం ఇంకెంతో బరువెక్కేది.

ఆ కోపంతోనే ఐదుకు మూడు ఇస్తున్నాను. నిదానంగా ఆలోచిస్తే నాలుగు ఇవ్వవచ్చునేమో, కానీ నిన్న రాత్రి మళ్లీ చూసినప్పుడూ అదే చోట అంతే కోపం వచ్చింది.