అమ్మ నిలబెట్టిన మనుషులు

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, మన గుడి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి అక్కలకు, చెల్లెళ్లకు, జంటనగరాల నుంచీ మెదక్ వైపు నుంచీ వచ్చిన మా బంధువులకు ప్రభువు నామంలో వందనాలు. అమ్మ ప్రభువునందు నిద్రించిన రోజు నుంచి మా ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన అవసరం మీరు రానివ్వలేదు. క్యారియర్లు పంపిన ప్రతి ఇంటికీ మా నలుగురు పిల్లల తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఇంతవరకు మాట్లాడిన పెద్దలంతా అమ్మను ప్రార్థనాపరురాలు అన్నారు. నిజమే. కానీ అక్కడితో ఆపేస్తే అమ్మ చేసిన పనిలో సగం కనబడకుండా పోతుంది. అమ్మ గట్టి నాయకురాలు. పట్టు పడితే వదిలేది కాదు, లెక్క అడగడానికి మొహమాటపడేది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, తను కష్టపడి సంపాదించుకున్న చోట ఇంకొకరిని నిలబెట్టి తను పక్కకు జరిగేది. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఈ సంగతే.

ఈ గుణం అమ్మకు వాళ్లింటి నుంచే వచ్చిందని నా నమ్మకం. మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. పెళ్లయి పిల్లలు పుట్టాక అక్షరాలు దిద్దుకుని, మెదక్ చుట్టుపక్కల ఊళ్లకు నడిచి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుని వాక్యం చదివి వినిపించిన మనిషి. అమ్మమ్మ వాళ్ల అమ్మానాన్నలు మెదక్ చర్చి కట్టేటప్పుడు కూలికి వెళ్లారు. అవి కరువు రోజులు. ఊరికే గంజి పోయడం కంటే పని ఇచ్చి తిండి పెట్టడం మేలని మిషనరీ పోస్నెట్ దొరగారు 1914లో ఆ కట్టడం మొదలుపెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు ఉన్న ఆ గుడిని చూడటానికి ఇప్పటికీ క్రిస్మస్‌కు జనం బస్సులు నిండా వెళ్తారు. మమ్మల్ని తీసుకెళ్లినప్పుడల్లా అందరూ రంగుటద్దాల కిటికీలు చూస్తుంటే, అమ్మ మాత్రం మమ్మల్ని గోడ దగ్గరకు తీసుకుపోయి రాళ్ల మీద చేయి పెట్టించేది. "పేరు దొరగారిది బిడ్డా, తట్టలు మోసింది మనోళ్లు" అనేది. దొరగారంటే అమ్మకు ఎంతో గౌరవం. ఆ గౌరవంలో తట్ట మోసినవాళ్లకూ వాటా ఉండాలని ఆమె పట్టుదల.

చదువు సికింద్రాబాద్‌లో, వెస్లీ గర్ల్స్ హైస్కూల్ హాస్టల్లో సాగింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు అమ్మ బడిపిల్ల. ఆ తర్వాత చాలాకాలం పాటు పెద్దవాళ్లు అలవాటు కొద్దీ పాత పేరుతో వెస్లియన్ మిషన్ అనే అనేవాళ్లట. మరుసటి సంవత్సరం, 1948లో, నిజాం రాజ్యం మీద పోలీసు చర్య. ఆ రోజుల్లో హాస్టల్లో దీపాలార్పి, పెద్దపిల్లలు చిన్నపిల్లలను చెరొక పక్కన పడుకోబెట్టుకున్నారని మాత్రం చెప్పేది. అంతకుమించి ఆ రోజుల మాట ఎత్తేది కాదు.

తర్వాత టీచర్ ఉద్యోగం, పెళ్లి, లాలాగూడలో కాపురం. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవారు. ఒక మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అమ్మ సాయంత్రం కూటాలకు వెళ్తే నాన్న డ్యూటీ దిగి వచ్చి, బియ్యం కడిగి, పప్పు పెట్టి, మాకు అన్నాలు పెట్టేవారు. "మీ ఆవిడ ఊళ్లు తిరుగుతుంటే నువ్వు గరిట పట్టావా" అని చుట్టాలు అంటే, "ఆమె దేవుని పని మీద పోయింది, నేను ఆమె పని చేస్తున్నా" అనేవారు. ఆ కాలంలో అలా అనగలిగిన మగవాళ్లు చాలా తక్కువ.

అలాగని మా చిన్నతనం అంతా సాఫీగా గడిచిందని చెప్పను. అమ్మ మా ఒక్కరిదే కాదన్న బాధ మాకు ఉండేది. పరీక్షల టెన్షన్‌లో మేముంటే ముందుగదిలో ఎవరో ఒకరు ఏడుస్తూ కూర్చునేవారు. కొడుకు తాగొచ్చి కొట్టాడనో, కూతురి పెళ్లి చెడిపోయిందనో. కానీ రాత్రి కుటుంబ ప్రార్థన మాత్రం ఒక్కరోజు కూడా తప్పేది కాదు. ఒక్కొక్క పిల్ల పేరు, పిల్లాడి పేరు ఎత్తి, ఆ రోజు మాకేం జరిగిందో దేవునికి చెప్పేది. బళ్లో నేను ఎవరితో పోట్లాడానో, తమ్ముడికి ఏ లెక్క రాలేదో అన్నీ వచ్చేవి. మమ్మల్ని పట్టించుకోవట్లేదని అలిగి పడుకోబోయే పిల్లలకు, అమ్మ అన్నీ గమనిస్తోందని ఆ ప్రార్థనలోనే తెలిసేది.

స్త్రీల మైత్రి బాధ్యత చేతికొచ్చాక అమ్మ మొదట సరిచేసింది పిడికెడు బియ్యం. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయడం, నెలాఖరుకు గుడికి తేవడం మన సంఘాల్లో పాత అలవాటే. ఊళ్లో అయితే అందరివీ ఇంచుమించు ఒకే రకం బియ్యం. సిటీలో అలా కాదు. ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి సోనా మసూరి, ఇంకొకరివి బాస్మతి ముక్కలు. అన్నీ ఒకే సంచిలో పోస్తే కొనేవాళ్లు దొరికేవారు కాదు, ఎందుకంటే వండితే సగం మెత్తగా ముద్దవుతుంది, సగం పలుకు మీద ఉంటుంది. అమ్మ వేర్వేరు సంచులు పెట్టించింది. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. రేషన్ సంచిలో పోయడానికి ఆడవాళ్లు సిగ్గుపడ్డారు. ఒకరిద్దరు తేవడమే మానేశారు. అమ్మ మర్నెల నుంచి మా ఇంటి డబ్బాలో రేషన్ బియ్యమే వేసి, అందరికంటే ముందు వెళ్లి ఆ సంచిలో పోసింది. పుస్తకంలో ఎవరెన్ని కిలోలు తెచ్చారో రాయనివ్వలేదు. పేరు, పక్కన టిక్కు, అంతే. మొత్తం తూకం మాత్రం కింద రాయాలి, అదీ తను కాదు, ఆ నెల వంతు వచ్చిన మనిషి. సంతకం కూడా ఆమెదే. అంకెలు రానివాళ్లు ఆ వంతు కోసం అంకెలు నేర్చుకున్నారు. ఆ డబ్బుతో ఎందరు పిల్లల పదో తరగతి పరీక్ష ఫీజులు కట్టారో ఇక్కడున్న చాలామందికి తెలుసు. వాళ్లలో కొందరు ఇవాళ ఇక్కడే కూర్చున్నారు.

రెండోది మంచి శుక్రవారం సంగతి. పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, వాటి మీద ఏడుగురు ప్రసంగీకులు. చాలాకాలం ఏడుగురూ మగవాళ్లే. తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాటైనా ఒక తల్లి చెప్తే బాగుంటుందని అమ్మ అడిగింది. ఒప్పుకోవడానికి పెద్దలకు చాలా ఏళ్లే పట్టింది. ఒప్పుకున్నాక సహజంగానే అమ్మ చెప్తుందని అందరూ అనుకున్నారు. కానీ అమ్మ, ఇళ్లలో పాచిపని చేసుకునే ఒక అక్క పేరు ఇచ్చింది. ఆ అక్కకు కూడబలుక్కుని చదవడం మాత్రమే వచ్చు. పెద్దలు వద్దన్నారు, ఆ అక్క కూడా నావల్ల కాదమ్మా అంది. అమ్మ ఇద్దరి మాటా వినలేదు. మంచి శుక్రవారానికి ముందు వచ్చే లెంట్ రోజుల్లో సాయంత్రం పని ముగించుకుని ఆమె మా వంటింటికి వచ్చేది. అమ్మ చపాతీలు ఒత్తుతూ, "కాగితం పక్కన పెట్టు, నీ కొడుకు సంగతి చెప్పు" అనేది. ఆ రోజు గుడిలో ఆమె పల్పిట్ అంచు గట్టిగా పట్టుకుని, గాంధీ ఆసుపత్రిలో కొడుకు మంచం పక్కన తను గడిపిన రాత్రుల గురించి చెప్పింది. మరియమ్మ సిలువ కింద నిలబడగలిగింది కాబట్టి నేనూ నిలబడ్డాను అంది. నేను చాలా ప్రసంగాలు విన్నాను. మూడో మాట మీద అంతకంటే మంచి ప్రసంగం వినలేదు. అమ్మ అప్పుడు వెనక వరసలో, చంటిపిల్లల తల్లుల దగ్గర ఒక పసివాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంది.

2013లో పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. మన దక్షిణ ఇండియా సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ. అమ్మ ఆ పేపరు ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. ఇంటికి ఏ ఆడపిల్ల వచ్చినా తీసి చూపించేది. "చూశావా, ఇక మీకు సాకు లేదు" అనేది.

లాక్‌డౌన్‌లో గుళ్లు మూతపడ్డాయి. అప్పటికి అమ్మకు చూపు మందగించింది, మోకాళ్లు సహకరించేవి కావు. నన్ను ఫోన్ కలపమనేది. ఎవరి తర్వాత ఎవరో వీధుల వరసలోనే చెప్పేది, ఇదివరకు నడిచి వెళ్లిన వరస అది. ముందు తిన్నావా అని అడిగేది. తర్వాత మందులున్నాయా. ప్రార్థన ఆ తర్వాతే. ఫోన్ పెట్టేశాక ఇంకో ఇద్దరికి చేయమని వాళ్లకు పని అప్పజెప్పేది.

దొర్కా చనిపోయినప్పుడు యొప్పేలో విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపించి ఏడ్చారని మనం బైబిల్లో చదువుకున్నాం. అమ్మను ఇంట్లో ఉంచిన ఆ రాత్రి నేను దాన్ని కళ్లారా చూశాను. సంతకం నేర్పింది అని ఒకరు, మొదటిసారి మైకు పట్టించింది అని ఒకరు, బ్యాంకు ఖాతా తెరిపించింది అని ఒకరు. ఒకామె అయితే, "నన్ను తిట్టింది, తిట్టి మళ్లీ బడికి పంపింది" అని చెప్పి నా భుజం మీద పడి ఏడ్చింది. ఆమె ఇప్పుడు నర్సు. అమ్మకు చివరి నెలల్లో ఇంజెక్షన్లు చేసింది ఆమే.

అమ్మ పుస్తకాలు, మైత్రి లెక్కలు, రసీదులు మేము సర్ది కట్టలు కట్టాం. ఈ కూడిక అయ్యాక కొత్త కార్యదర్శికి అప్పగిస్తాం. శుక్రవారం కూటం ఎప్పటిలాగే మా ఇంట్లో, సాయంత్రం ఆరున్నరకు. వాక్యం మా మరదలు చెప్తుంది. తను ఇంతవరకు ఎక్కడా మాట్లాడలేదు, భయపడుతోంది. దయచేసి అందరూ రండి. వందనాలు.