పటంలోని వెలుగు, గదిలోని వెలుగు

అందరికీ నమస్కారం.

మా నాయనమ్మ ఇల్లు గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో ఉండేది. గుమ్మం దాటగానే ఎదురుగోడ మీద యేసు తిరుహృదయ పటం, అంటే వెలుగు చిమ్మే తన హృదయాన్ని చూపుతున్న యేసు బొమ్మ. దాని కింద చిన్న చెక్కబల్ల, బల్ల మీద ఎర్ర బల్బు. కరెంటు పోతే నాయనమ్మ కొవ్వొత్తి వెలిగించేది. ఇల్లంతా చీకటిగా ఉన్నా ఆ ముఖం మాత్రం కనిపించేది. కతోలిక కుటుంబాల్లో పెరిగినవారు మీలో ఎవరైనా ఉంటే ఈ దృశ్యం మీకు కొత్త కాదు. అది ఎవరో క్యాలెండరువాళ్ళు గీయించిన బొమ్మ అనుకుంటూ పెరిగాను. ప్రపంచంలోని తిరుహృదయ పటాల్లో చాలావాటికి మూలం రోములో, జెస్యూట్లు అనే కతోలిక గురువుల సంఘానికి చెందిన జెసూ చర్చిలో ఉందని తెలిసేసరికి నాకు ముప్పై ఏళ్ళు దాటాయి. పోంపెయో బతోని అనే చిత్రకారుడు 1767లో రాగిరేకు మీద వేసిన చిన్న తైలవర్ణ చిత్రం అది. బరోక్ అంటే పదిహేడో శతాబ్దంలో ఐరోపాలో వెలుగునీడల నాటకీయతతో వర్ధిల్లిన కళాయుగం; బతోని ఆ యుగం ముగిసిపోతున్న రోజుల మనిషి. ఆయన బొమ్మకు నకలు, ఆ నకలుకు మరో నకలు పుట్టుకుంటూ చివరికి మా పల్లె గోడ మీదికి వచ్చింది.

బరోక్ కాలపు మత చిత్రాల ప్రతులతో ఇంటిని అలంకరించుకోవడం గురించి మాట్లాడమన్నప్పుడు నాకు మొదట ఆ పటమే గుర్తుకొచ్చింది. ఎందుకంటే ఈ విషయం ఎత్తగానే ఎవరో ఒకరు అడుగుతారు: అసలుది కొనలేక నకలు తగిలించుకోవడం చిన్నతనం కాదా అని. కాదని గట్టిగా చెబుతాను. బరోక్ చిత్రకారుల్లో పెద్దవాడైన రూబెన్స్ తన చిత్రాలను అచ్చు వేయడానికి రాగిపలకల మీద చెక్కించడానికి మంచి పనివాళ్ళను పెట్టుకున్నాడు. ఇతరులు వాటిని దొంగతనంగా అచ్చు వేయకుండా 1620 ప్రాంతంలో ప్రత్యేక హక్కులు కూడా సంపాదించాడు. ఇటలీలో సాసోఫెరాటో అనే చిత్రకారుడు, ప్రార్థిస్తున్న మరియమాతను దాదాపు ఒకే పోలికలో మళ్ళీ మళ్ళీ చిత్రించాడు. ఇళ్ళలో పెట్టుకోవడానికి అంతమంది కావాలనేవారు. అంటే, నకలు ఇంటికి చేరాలన్న కోరిక ఆ చిత్రకారులదే.

ఇంకో ఉదాహరణ చెప్పాలి. సిసిలీలోని పలెర్మో నగరంలో సాన్ లొరెంజో అనే చిన్న ప్రార్థనామందిరం ఉంది. దాని బలిపీఠం పైన ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో వేసిన క్రీస్తు జననం చిత్రం ఉండేది. 1969 అక్టోబరులో ఒక రాత్రి దొంగలు ఆ కాన్వాసును కోసి ఎత్తుకుపోయారు. అది ఇప్పటికీ దొరకలేదు. చాలా ఏళ్ళు ఆ చోట పెద్దది చేసిన ఫొటో ఒకటి ఉంచారు. తర్వాత మాడ్రిడ్‌లోని ఫాక్టమ్ ఆర్టే అనే సంస్థవారు, దొంగతనానికి ముందు తీసిన ఫొటోల ఆధారంగా అసలు కొలతల్లోనే ఒక ప్రతిని తయారుచేశారు. 2015 డిసెంబరులో దాన్ని బలిపీఠం పైన నిలిపారు. ఆ పని చేసినవారు కుంచెగీతల తీరును కూడా పట్టుకోవడానికి శ్రమించారు. నేలమీద పడుకున్న శిశువు, అలసిపోయి కూర్చున్న తల్లి మళ్ళీ తమ చోటికి వచ్చారు. అది నకలే. కానీ దాన్ని వద్దనుకుంటే ఆ గోడకు మిగిలేది ఖాళీ ఒక్కటే.

నకలైనందుకు తప్పు లేదు, సరే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే కొలత దగ్గర. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే దీన్ని గుర్తుంచుకోండి: అసలు కొలతలోనే మీ గోడకు పట్టే చిత్రాన్ని ఎంచుకోండి. బెల్జియంలోని ఆంట్వెర్ప్ కెథడ్రల్‌లో రూబెన్స్ వేసిన 'సిలువ నుంచి దించుట' ఉంది కదా, దాని మధ్య పలకే నాలుగు మీటర్లకు పైగా ఎత్తు. దాని ముందు నిలబడితే, ఆ తెల్లని గుడ్డమీదుగా జారుతున్న దేహపు బరువు మన భుజాల మీదికి వస్తున్నట్టే ఉంటుంది. అదే చిత్రాన్ని అడుగున్నర ఎత్తుకు కుదిస్తే బరువంతా పోయి కథ మాత్రం మిగులుతుంది. కథ కోసమైతే బైబిలు చదువుకోవచ్చు.

అదృష్టవశాత్తు ఆ యుగంలో ఇంటికి సరిపోయేవి చాలా ఉన్నాయి. మాడ్రిడ్ ప్రాదో మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ వేసిన గొర్రెపిల్ల చూడండి, బలి అయిన యేసుకు గుర్తు అది. కాళ్ళు నాలుగూ కట్టేసి ఒక బల్లమీద పడుకోబెట్టిన గొర్రెపిల్ల, వెనక నల్లని చీకటి. అంతే, ఇంకేమీ లేదు. రెండడుగుల వెడల్పు. ఆ ఉన్నిని వేలితో తాకబుద్ధవుతుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న సాసోఫెరాటో మరియమాత ఎత్తు 73 సెంటీమీటర్లు. వీటిని అసలు కొలతల్లోనే అచ్చు వేయించుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది జర్మనీలోని కాసెల్‌లో ఉంది. రెంబ్రాంట్ 1646లో వేసిన పవిత్ర కుటుంబం, 46 సెంటీమీటర్ల ఎత్తు, 69 సెంటీమీటర్ల వెడల్పు. రెంబ్రాంట్ ఉన్న హాలండులో కాల్వినిస్టు చర్చిలు, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవారి చర్చిలు, గోడల మీద బొమ్మలు ఉంచనిచ్చేవి కావు. అందుకే అక్కడ బైబిలు చిత్రాలు ఇళ్ళకు చేరాయి. ఈ చిత్రంలో తల్లి బిడ్డను హత్తుకొని కూర్చుంది. పక్కన ఉయ్యాల, నేల మీద చిన్న మంట, మంట దగ్గర పిల్లి. జోసెఫు వెనక చీకట్లో కట్టెలు కొడుతున్నాడు. దీని చుట్టూ రెంబ్రాంట్ ఒక ఫ్రేమునూ, పక్కకు లాగిన ఎర్ర తెరనూ కూడా రంగులతోనే చిత్రించాడు. అప్పటి డచ్చివారు దుమ్మూ ఎండా తగలకుండా పటాల ముందు తెరలు కట్టుకునేవారు. చూడాలనిపించినప్పుడు తెర తీసేవారు. పటం ఎప్పుడూ కళ్ళముందు ఉండే వస్తువు కాదు వారికి. చూడటం అనేది ఒక పని.

ఇక వెలుగు. రోములో సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చిలో, ఎడమవైపు గోడకు, కరవాజ్జో 1600 ప్రాంతంలో వేసిన 'మత్తయికి పిలుపు' ఉంది. చిత్రంలో వెలుగు కుడివైపు నుంచి పడుతుంది. నిజంగా కూడా ఆ చిన్న ప్రార్థనాగది కిటికీ కుడివైపునే, బలిపీఠం పైన ఉంది. చిత్రంలోని వెలుగు గదిలోని కిటికీ నుంచే వస్తోందని చూసేవారి కన్ను నమ్మేస్తుంది. మన ఇంట్లోనూ ఇదే చేయవచ్చు, దీనికి పైసా ఖర్చు లేదు. పటంలో ముక్కు నీడ ఏ పక్కన పడిందో చూడండి. ఎడమ చెంప మీద నీడ ఉంటే వెలుగు ఆ పక్కకు ఎదురు పక్క నుంచి వస్తోందన్నమాట. మీ కిటికీ కూడా ఆ పక్కనే ఉండే గోడను ఎంచుకోండి. సాయంత్రం కోసమైతే పసుపుచాయ ఉన్న బల్బు, అంటే 2,700 నుంచి 3,000 కెల్విన్ల మధ్యది పెట్టండి. బల్బు పెట్టె మీద సీఆర్ఐ అని, ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది. అది 90కి తగ్గకూడదు. తెల్లని ట్యూబులైటు కింద ఈ చిత్రాల్లో మనుషులు జబ్బుపడినట్టు కనిపిస్తారు.

ముద్రణ దగ్గర తొందరపడకండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న ఎన్నో పాత చిత్రాలను పెద్ద ఫైళ్ళుగా ఉచితంగానే ఇస్తున్నాయి. అంగుళానికి కనీసం 200 చుక్కలు, అంటే పిక్సెళ్ళు, కావాలి కాబట్టి 24 అంగుళాలకు 30 అంగుళాల పటానికి 4,800కి 6,000 పిక్సెళ్ళ ఫైలు ఉండాలి. అసలు చిక్కు చీకటిది. బరోక్ చీకటి నలుపు కాదు. చాలాసార్లు గోధుమరంగు పూత మీద పలచగా పొరలుపొరలుగా వేసిన రంగు. చౌక ముద్రణలో అదంతా తారులా ముద్దకడుతుంది. అందుకే ముందు చిన్న ముక్క అచ్చు వేయించి చూడండి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ వేసిన వడ్రంగి జోసెఫు ఉన్నాడు. బాల యేసు కొవ్వొత్తికి చెయ్యి అడ్డుపెడితే ఆ వేళ్ళలోంచి వెలుగు ఎర్రగా కనిపిస్తుంది. మీ అచ్చులో ఆ వేళ్ళు మైనంలా మెరవాలి, జోసెఫు కాళ్ళ దగ్గరి దూలం కూడా కనపడాలి. ఆ దూలం ఊరికే లేదు, రాబోయే సిలువను గుర్తుచేయడానికి ఉంది. దూలం చీకట్లో కలిసిపోతే ఆ అచ్చు తీసుకోకండి.

నిగనిగలాడే కాగితం వద్దు. ముదురు చిత్రానికి మామూలు అద్దం వేస్తే అది పటం కాదు, మన ముఖం చూసుకునే అద్దమే. కాన్వాసు మీద అచ్చు వేయించి అద్దం మానేయవచ్చు. అద్దం తప్పదనుకుంటే మన పెద్దలు చేసినట్టు చేయండి. వెనకటి ఇళ్ళలో పటాలను తాడుతో కట్టి కాస్త ముందుకు వంచి వేలాడదీసేవారు, గుర్తుందా? దీపం ప్రతిబింబం కిందికి జారిపోతుంది, ముఖం మనవైపు వంగుతుంది. ఆ పద్ధతిని ఎందుకు వదిలేశామో నాకు అర్థం కాదు.

ఒక దెబ్బ నేనూ తిన్నాను. తిరిగి లేచిన యేసును భోజనం దగ్గర శిష్యులు గుర్తుపట్టే కరవాజ్జో ఎమ్మావు భోజన చిత్రాన్ని పటం కట్టించడానికి ఇస్తే, సిద్ధంగా ఉన్న ఫ్రేముకు సరిపోలేదని కొట్టులో రెండువైపులా కోసేశారు. ఆ చిత్రంలో ఒక శిష్యుడు విస్మయంతో రెండు చేతులూ బారచాపుతాడు. ఒక చెయ్యి మనవైపు, ఇంకొకటి చీకట్లోకి. బల్ల అంచున పళ్ళబుట్ట పడిపోబోతున్నట్టుంటుంది. కోతలో చేతులు పోయాయి, విస్మయం పోయింది. అందుకని ముందు అచ్చు, దాని కొలతకే ఫ్రేము. ఎడమను కుడిగా తిప్పడానికి కూడా ఒప్పుకోకండి, ఆశీర్వదించే చెయ్యి మారిపోతుంది.

హిందూ మిత్రులు, ముస్లిం మిత్రులు, ఏ దేవుణ్ణీ నమ్మని మిత్రులు కూడా ఈ చిత్రాలను ఇష్టపడి అడుగుతుంటారు: మేం పెట్టుకోవచ్చా అని. తప్పకుండా పెట్టుకోవచ్చు. కానీ సోఫా రంగుకు కలిసిందని పెట్టుకోవద్దు. ఇవి మోకరించే మనుషుల ముందు ఉండాలని వేసినవి. బొమ్మలో ఉన్నది ఎవరో, ఏం జరుగుతోందో తెలుసుకొని పెట్టుకోండి. టీవీ పక్కన వద్దు, చెప్పుల అర పైన వద్దు. ఆర్తెమీసియా జెంటిలెస్కి వేసిన జూడిత్ గొప్ప చిత్రమే, అయినా తల నరికే దృశ్యాన్ని పిల్లలు పడుకునే గదిలో పెట్టకండి. నేనైతే సుర్బరాన్ గొర్రెపిల్లను భోజనాల బల్ల ఎదుట పెట్టుకున్నాను. మాంసం వండుకున్న రోజున దాన్ని చూడటం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టం ఉండాలనే అక్కడ పెట్టాను.

వెనక బల్ల మీద లా తూర్ జోసెఫు ప్రతులు రెండు ఉంచాను. ఒకటి మెరిసే కాగితం మీద, ఇంకొకటి కాన్వాసు మీద. దయచేసి హాలులో ట్యూబులైట్లు ఆపి, ఆ మూలనున్న పసుపు దీపం ఒక్కటి వెలిగించండి. ఇద్దరిద్దరుగా వచ్చి చూడండి. ముందు వేళ్ళు, తర్వాత దూలం.