జంతువులు లేకుండా మందుల పరీక్ష: శ్రోతల సందేహాలు

నిర్వాహకురాలు: ఈ వారం ఔషధశాస్త్ర అధ్యాపకులు ఒకరు మన శ్రోతల సందేహాలకు సమాధానం చెబుతారు. పర్లాకిమిడి నుంచి తొలి ఫోను. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మాస్టారూ. మా అమ్మాయికి బి.ఫార్మసీ చదవాలని ఉంది గానీ, ఎలుకలనూ కుందేళ్లనూ కోయవలసి వస్తుందేమోనని జంకుతోంది. చేర్పించమంటారా?

అధ్యాపకుడు: నిశ్చింతగా చేర్పించండమ్మా. జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్‌తో, వీడియోలతో చూపించాలని ఫార్మసీ కౌన్సిల్ పాఠ్యప్రణాళికలోనే రాసి ఉంది. పై చదువుల్లో, పరిశోధనలో మాత్రం జంతువులతో పని పడవచ్చు. ఏ ప్రయోగశాలలో చేరాలన్నది అప్పుడు తానే చూసుకుంటుంది.

శ్రోత: మరి జంతువు మీద వేసి చూడకుండా మందు గుణం ఎలా తెలుస్తుందండీ?

అధ్యాపకుడు: ఏం తెలుసుకోవాలన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. ఒక రసాయనం చర్మానికి మంట పుట్టిస్తుందా అని చూడడానికి కుందేలు వీపున బొచ్చు తీసేసి పూసేవారు. ఇప్పుడు దాతలు అనుమతించిన మనిషి చర్మ కణాలను చిన్న గిన్నెలలో పొరలు పొరలుగా పెంచి, వాటి మీద ఆ రసాయనాన్ని వేసి, కడిగి, తరువాత ఒక పసుపు పచ్చని ద్రావణంలో ఉంచుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి కాబట్టి, ఆ రంగు మామూలులో సగానికో అంతకన్నా తక్కువకో పడిపోతే ఆ పదార్థం మంట పుట్టించేదని తేలుతుంది. మనిషికి సంబంధించిన ప్రశ్నకు మనిషి కణమే కుందేలు కన్నా నమ్మదగిన సాక్షి అని నా అభిప్రాయం.

సెలైన్ వంటి వాటిలో జ్వరం తెప్పించే మలినాలున్నాయేమోనని కుందేలుకు సూది వేసి, గంటల తరబడి దాని ఒంటి వేడి కొలిచేవారు. తరువాత హార్స్‌షూ క్రాబ్ అనే సముద్రజీవి నీలి రక్తం ఆ పనికి వచ్చింది (దాని బంధువులు మన బాలేశ్వర్ తీరంలోనూ ఉన్నాయి). ఇప్పుడు ఆ రక్తంలోని ప్రోటీన్‌నే ప్రయోగశాలలో తయారుచేస్తున్నారు; మందుల నాణ్యతా ప్రమాణాలు చెప్పే యూరోపియన్ ఫార్మకోపియా అనే గ్రంథం 2021 నుంచి ఆ పద్ధతిని అంగీకరించింది.

అయితే మింగిన మాత్ర పేగు, కాలేయం, మూత్రపిండాలు దాటి నెలల తరబడి ఏం చేస్తుందన్నది ఒక్క గిన్నెలోని కణాలు చెప్పలేవు. అందుకే మన దేశం సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలను 2014లోనే నిషేధించినా, మందుల విషయంలో 2023 నాటి నిబంధనల సవరణతో జంతువులు లేని పద్ధతులకు దారి తెరిచిందే గానీ, పాతవాటిని పూర్తిగా మాన్పించలేదు.

నిర్వాహకురాలు: గుణుపురం నుంచి మరో శ్రోత.

శ్రోత: మాస్టారూ, జంతువులను వదిలేస్తే ఆ పరీక్షలు మావంటి కొండ ప్రాంతాల పేదల మీద పడవు గదా?

అధ్యాపకుడు: మీ భయం అర్థవంతమైనదే. కానీ ఈ పద్ధతులు మనుషుల మీద పరీక్షలకు ముందు జరిగేవే తప్ప, వాటిని ముందుకు జరిపేవి కావు. ఎవరైనా మందు పరీక్షకని వస్తే, సమ్మతి పత్రాన్ని తెలుగులోనో ఒడియాలోనో సవరలోనో, మీకు అర్థమయ్యే భాషలో వివరించమనండి. చదువు రానివారికి నిష్పక్షపాతమైన సాక్షి ఉండాలి. హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం నిబంధనల్లో ఉన్నవే. పత్రం ప్రతి ఒకటి మీ చేతికి రానిదే వేలిముద్ర వేయకండి.