‘కళ్లు పోతాయ్’: పిల్లల్లో నాటే దైవభయంపై స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: నాస్తికోద్యమ కార్యకర్త, పిల్లల మానసిక వైద్యురాలు, తెలుగు ఉపాధ్యాయుడు. సమన్వయకర్త చర్చ నడిపారు.)

సమన్వయకర్త: నమస్కారం. మన ఇళ్లలో మాటలు వచ్చీ రాని వయసులోనే పిల్లల చెవిన పడే మాట ‘కళ్లు పోతాయ్’. పటానికి కాలు తగిలితే కళ్లు పోతాయ్, ప్రసాదం కింద పడేస్తే కళ్లు పోతాయ్. కొన్ని ఇళ్లలో దాని బదులు నరకాగ్ని, మరికొన్ని ఇళ్లలో జహన్నం. ఈ మాట పిల్లల్లో ఏం చేస్తుంది, లోపలికి దిగినదాన్ని ఎలా తియ్యాలి అన్నదే ఇవాళ్టి చర్చ. కార్యకర్త గారూ, మీరు మొదలుపెట్టండి.

కార్యకర్త: పండగ మీద, పాట మీద, అమ్మమ్మ చెప్పే కథ మీద నాకు గొడవ లేదు. నా గొడవంతా బెదిరింపుతోనే. అది ఎలా అల్లుతారో చూడండి. తప్పు చిన్నది, శిక్ష పెద్దది, చూసేవాడు ఎప్పుడూ చూస్తూనే ఉంటాడు. నాన్న కొడతాడన్న భయం నాన్న ఊళ్లో లేనప్పుడు ఉండదు. దేవుడు ఊరెళ్లడు కదా! అందుకే ఈ భయానికి సెలవుండదు. పైగా విరుగుడు కూడా మనమే చేతికిస్తాం, ‘లెంపలు వేసుకో’ అని. పిల్ల వేసుకుంటుంది, ఏమీ కాదు. లెంపలు వేసుకున్నాను కాబట్టే బతికిపోయాననుకుంటుంది. వేసుకోకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే దారి అక్కడితో మూసుకుపోతుంది.

వైద్యురాలు: ఆయన చివర చెప్పిన మాట దగ్గరే మా పని మొదలవుతుంది. ఏ భయమైనా నిలబడేది దాన్ని తప్పించుకోవడం వల్లే. కుక్కను చూసి ప్రతిసారీ వీధి మారే పిల్లవాడికి, ఆ కుక్క కరవదని ఎన్నటికీ తెలియదు. ఇంకో సంగతి వయసు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే లెక్క ప్రకారం 2 నుంచి 7 ఏళ్ల మధ్య పిల్లలకు తమ మనసులో అనుకున్నదానికీ బయట జరిగినదానికీ మధ్య గీత సరిగా ఉండదు. తమ్ముణ్ణి మనసులో తిట్టుకున్నాక వాడికి జ్వరం వస్తే, తనవల్లే వచ్చిందని నమ్మేస్తారు. ఆ వయసులో ‘నువ్వు అనుకున్నవన్నీ దేవుడికి తెలుస్తాయి’ అంటే, పిల్లకు ఇక తన మనసే భయపెట్టే చోటు అవుతుంది.

సమన్వయకర్త: మాస్టారూ, మీరు తల ఊపుతున్నారు. అది ఒప్పుకోలా, కాదనడమా?

ఉపాధ్యాయుడు: సగం ఒప్పుకోలు. తెలుగులో భయభక్తులు అని జంటగా అంటాం. అక్కడ భయమంటే వణుకు కాదు, అణకువ. దేవుడున్నాడన్న ధైర్యంతో చీకటిగదిలో నిద్రపోయే పిల్లలు ఎంతమంది లేరు! ప్రహ్లాదుడి కథే తీసుకోండి. పాములూ ఏనుగులూ చూపించి భయపెట్టింది హిరణ్యకశిపుడు. దేవుణ్ణి నమ్మిన పిల్లవాడు భయపడలేదు. భక్తిని మొత్తంగా భయం ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు.

కార్యకర్త: మంచి కథ తెచ్చారు మాస్టారూ. చండామార్కుల బడిలో చెప్పిందే వల్లించాలని తండ్రి పట్టుబట్టాడు. పసివాడు, నా మనసుకు తోచింది వేరు అన్నాడు. ఆ మాట అనే హక్కు మన ఇళ్లలో పిల్లలకు ఉందా? భక్తుడి ఇంట్లో పుట్టిన పదేళ్ల పిల్ల ‘నాకు నమ్మకం కలగట్లేదమ్మా’ అంటే తిట్టకుండా, ఏడవకుండా వినే తల్లిదండ్రులు కావాలి. నేను అడిగేది అంతే.

ఉపాధ్యాయుడు: అలా వినాలన్న దాంట్లో నాకు పేచీ లేదు.

సమన్వయకర్త: ఒక్క ఉదాహరణ పట్టుకుని లోతుగా వెళ్దాం. గ్రహణం?

కార్యకర్త: అదే సరైనది, ఎందుకంటే అందులో నిజమూ అబద్ధమూ కలిసిపోయి ఉన్నాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగానే వెళ్లింది. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని చూస్తుంటే, ఊళ్లలో జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే రెటీనా, అంటే కంటి లోపలి పొర, కాలుతుందన్నది నిజం. ఆ మాట పిల్లలకు గట్టిగానే చెప్పాలి. ఎక్స్‌రే ఫిల్మూ, మసి పట్టించిన గాజూ పనికిరావు. వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది కానీ కంటికి కనిపించని పరారుణ కిరణాలు దూరిపోతాయి. కానీ అన్నం విషమవుతుంది, గర్భిణి బయటికి వస్తే బిడ్డకు మొర్రి వస్తుంది అన్నవి అబద్ధాలు. నిజమైన ప్రమాదాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధాలు బతికేస్తున్నాయి.

వైద్యురాలు: మొర్రి గురించి నేను చెప్పాలి. మన భాషలో ఆ లోపం పేరే గ్రహణం మొర్రి. అంటే రోగం పేరులోనే నింద ఉంది, ఆ నింద తల్లి మీద పడుతుంది. పై పెదవి కలుసుకునేది గర్భం 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే తెలిసీ తెలియకుండా ఉంటుంది. ఐదో నెలలో గ్రహణం చూస్తే, ఎప్పుడో కలిసిపోయిన పెదవి ఎలా చీలుతుంది? సుమారు 700 మందిలో ఒకరికి ఈ లోపం వస్తుంది. జన్యువులు, కొన్ని మందులు, పొగతాగడం లాంటివి కారణాలు. పెదవికి సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో ఆపరేషన్ చేస్తారు, అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య. ఆలస్యమైతే మాట ముక్కులోంచి వస్తుంది. ‘నీ కర్మ’ అని తల్లిని కూర్చోబెడితే పోయేది ఆ వ్యవధే.

కార్యకర్త: నాస్తికోద్యమ నాయకురాలు సరస్వతీ గోరా గర్భిణిగా ఉండి గ్రహణం వేళ బయట తిరిగింది ఇందుకే. గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. నమ్మకాన్ని అందరి ముందూ పరీక్షకు పెట్టడం వాళ్ల పద్ధతి.

సమన్వయకర్త: ఇంట్లో పిల్లలతో చేయించగల పరీక్ష ఉందా?

కార్యకర్త: రోకలి. గ్రహణం పట్టినప్పుడు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు, గ్రహణశక్తికే నిలబడిందంటారు. టీవీల్లోనూ చూపిస్తారు. పిల్లల చేత ముందే మొదలుపెట్టించండి. గ్రహణానికి 3 రోజుల ముందు, ఆ రోజు, 3 రోజుల తరవాత, రోజుకు 10 సార్లు చొప్పున అదే రోకలి, అదే పళ్లెం, అదే చోటు. ఎన్నిసార్లు నిలబడిందో పిల్లలే గీతలు గీసుకోవాలి. పొన్ను, అంటే రోకలి చివర ఉండే ఇనుప తొడుగు, చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. పొన్ను అరిగి గుండ్రంగా మారినా, నేల వాలుగా ఉన్నా గ్రహణం రోజున కూడా పడిపోతుంది. రోజుకో రోకలి మార్చినా, గ్రహణం రోజున మాత్రమే ఓపికగా ప్రయత్నించినా లెక్క తప్పుతుంది. ఇక గ్రహణం చూడటానికి రంధ్రాలు దూరదూరంగా ఉన్న వంటింటి జల్లెడ చాలు. సూర్యుడికి వీపు పెట్టి, జల్లెడను నేలకు మీటరు ఎత్తున పట్టుకోండి. ప్రతి రంధ్రం కిందా సుమారు 9 మిల్లీమీటర్ల కొరికిన సూర్యుడు పడతాడు. ఒక్కో పిల్లవాడి అరచేతిలో పది పదిహేను నెలవంకలు! దాన్ని చూసిన పిల్ల మొహం వెలుగుతుందండీ. ఆ క్షణాన్ని మనం తలుపులు మూసి లాక్కుంటున్నాం.

ఉపాధ్యాయుడు: ఇది బళ్లో చేయించవచ్చు. అయితే ఇంట్లో నాయనమ్మ వద్దంటే పిల్ల నలిగిపోతుంది కదా.

కార్యకర్త: అందుకే నాయనమ్మను కూడా జల్లెడ పట్టుకోమనాలి. ఆవిడ మాట తప్పని నిరూపించడానికి పిల్లను వాడుకోకూడదు. మా ఉద్యమంలోనూ తప్పులు జరుగుతాయి. పిల్లల ముందు పటాలు తీసి పారెయ్యడం, ‘దేవుడు లేడు’ అని వాళ్ల చేత వల్లె వేయించడం తప్పే. అదీ నూరిపోయడమే. పిల్లకు ‘నీకెలా తెలుసు?’ అని అడగడం రావాలి. ఆ ప్రశ్న నన్ను కూడా అడగగలగాలి.

సమన్వయకర్త: డాక్టర్ గారూ, భయం ముదిరి జబ్బు స్థాయికి వెళ్తే?

వైద్యురాలు: దైవభయం ఓసీడీ రూపం తీసుకోవచ్చు, అంటే వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని తప్పించుకోవడానికి చేసిందే చేసే జబ్బు. మనసులో చెడ్డమాట మెదిలిందని పిల్లవాడు 30, 40 సార్లు దణ్ణం పెడతాడు. లెక్క తప్పితే మళ్లీ మొదలు. పరీక్షకు ఆలస్యమవుతుంది. రోజుకు గంటకు మించి వీటికే పోతున్నా, చదువో నిద్రో చెడుతున్నా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. చికిత్సలో మొదటి వారం దేన్నీ ఆపించం, ఎప్పుడు ఎన్నిసార్లన్నది రాయిస్తాం. తరవాత భయాలకు 0 నుంచి 10 దాకా మార్కులు వేయించి మెట్లు కడతాం. పుస్తకానికి కాలు తగలడం 3 అయితే అక్కడ మొదలుపెడతాం. తగిలాక కళ్లకద్దుకోకుండా 5 నిమిషాలు, మర్నాడు 10. భయం తనంతట తానే దిగడం పిల్లవాడు చూడాలి. సాధారణంగా 12 నుంచి 16 వారాలు పడుతుంది.

సమన్వయకర్త: ఎక్కడ చెడుతుంది?

వైద్యురాలు: ఎక్కువగా తల్లి ఓదార్పు దగ్గర. ‘నాకేం కాదు కదమ్మా’ అని పిల్లవాడు, ‘ఏం కాదులే’ అని అమ్మ, రోజుకు ఇరవైసార్లు. ఆ మాటే కొత్త దణ్ణమైపోతుంది. ప్రేమతోనే అంటారు, అందుకే మానడం కష్టం. రెండోది తొందర. 3 దాటకుండానే 9కి లాగితే పిల్లవాడు మళ్లీ రాడు. ఇంకోటి, చికిత్సకు నమ్మకం వదులుకోనక్కర్లేదు. ‘రోజుకు ఒక్క దణ్ణం చాలు నాయనా’ అని వాళ్ల పూజారో, పాస్టరో చెబితే మా పని తేలికవుతుంది.

కార్యకర్త: అక్కడ నా అభిప్రాయం వేరే, అయినా పిల్లవాడు కోలుకోవడమే ముఖ్యం, ఒప్పుకుంటున్నాను. చట్టం గురించి ఒక్క మాట. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. గుర్తింపు ఉన్నవీ, ఎయిడెడ్‌వీ అయితే మతబోధకు, ప్రార్థనకు హాజరు కమ్మని సమ్మతి లేకుండా బలవంతం చెయ్యకూడదు. మైనరైతే ఆ సమ్మతి సంరక్షకులది. అంటే తల్లిదండ్రులు సమ్మతి ఇవ్వకపోతే పిల్లను కూర్చోబెట్టకూడదు. చాలామందికి ఇది తెలియదు. కానీ పిల్ల తనంతట తాను వద్దంటే వినేవాళ్లు లేరు, అదే నా బాధ.

సమన్వయకర్త: ఒక తల్లి ప్రశ్న పంపారు. ‘మా ఆరేళ్ల పాప రాత్రి దేవుడు కళ్లు తీసేస్తాడని ఏడుస్తోంది. ఇప్పుడేం చెప్పాలి?’

వైద్యురాలు: ముందు, ఎవరు ఎప్పుడు అన్నారో మెల్లగా అడగండి. అన్నది మీరే అయితే, ‘అమ్మ నిన్ను భయపెట్టడానికి అలా అంది, అది నిజం కాదు, అమ్మది తప్పు’ అని ఆ మాటల్లోనే ఒక్కసారి చెప్పండి. పదేపదే వద్దు.

ఉపాధ్యాయుడు: నా మాటా కలపండి. నమ్మే ఇల్లయితే, ‘కళ్లు తీసేవాడు దేవుడు కాడు’ అని కూడా చెప్పమ్మా.

కార్యకర్త: మర్నాడు పొద్దున ఆ పాపనే అడగండి, బడిలో ఎవరెవరి కాలు పుస్తకానికి తగిలిందో, వాళ్ల కళ్లు ఎలా ఉన్నాయో చూసి రమ్మని.